ఇంగువ అంటిన చేయి

మా ఇంట్లో అందరూ నవ్వే కథ ఒకటుండేది. ఆ కథలో అబద్ధం నాది. ఏళ్ల తరబడి దాన్ని మోశాను. మోశానంటే నడుం వంగిపోయిందనుకునేరు. అదేం లేదు. బాగానే తిన్నాను, బాగానే నవ్వాను, కాస్త ఒళ్లు కూడా చేశాను. తప్పు చేసినవాళ్లకి కంటిమీద కునుకుండదంటారు గానీ, నాకు పడుకోగానే పట్టేసేది. కాకపోతే ఎవరైనా ఆ కథ మొదలుపెట్టగానే నాకు వంటింట్లో ఏదో పని గుర్తొచ్చేది. లేచిపోయేదాన్ని. అన్నేళ్లలో ఎవరూ కనిపెట్టలేదు. మీకు ఎందుకు చెబుతున్నానంటే, మీరు మా ఇంటివాళ్లు కాదు. నన్ను వెనకేసుకురావాలన్న తొందర మీకుండదు.

పేరు అడక్కండి. మాది ఒడిశాలోని బరంపురం. బడా బజారు వెనక సందులో మా అత్తవారికి అప్పడాల దుకాణం ఉంది. కింద దుకాణం, పైన ఇల్లు, ఆ పైన మేడమీద అప్పడాలు ఆరబెట్టే చాపలు. నేను కెమిస్ట్రీ చదివాను. చదివి, మందుల కంపెనీ ల్యాబులో కొన్నాళ్లు సీసాలు ఊపి, ఆ తరవాత గోపాల్‌పూర్‌లో సముద్రం ఒడ్డునున్న ఒక హోటల్లో బీరు కాచే పనిలో చేరాను. అవును, బీరే. హోటల్ వెనక గదిలో పెద్ద పెద్ద స్టీలు కాగులుంటాయి. అక్కడే కాచి, అక్కడే పులియబెట్టి, ముందు గదిలో గ్లాసుల్లో పోస్తారు. మా అత్త మాత్రం బంధువులందరికీ మా కోడలు హోటల్లో కెమిస్టు అని చెప్పుకుంటుంది. అబద్ధమనడానికి లేదు. పొద్దున్నే బార్లీ కాగుతుంటే ఆ వాసన చేపల వాళ్ల వీధిదాకా పోతుంది. గంపలతో వెళ్లే ఆడవాళ్లు కిటికీ దగ్గర ఆగి, "ఏటి వండుతున్నావమ్మా, అంబలేటి?" అని అడుగుతారు. నాకా పని ఇష్టం. ఇప్పటికీ ఇష్టమే.

జగ్గు నా మరిది. నేను కాపురానికి వచ్చేటప్పటికి కాలేజీలో ఉన్నాడు. మా ఆయన రైల్వే డ్యూటీల మీద ఊళ్లు తిరుగుతుంటే ఇంట్లో నాకు కబుర్లకి జగ్గే దిక్కు. అతనికి అణకువ అన్నది దేవుడు పెట్టలేదు. తన ముక్కు ముందు ఎవరూ నిలబడలేరని వీధంతా చాటుకునేవాడు. నిజానికి నిలబడలేరు కూడా. ఇంగువ గడ్డ విరవకముందే అది అసలుదో కల్తీదో చెప్పేసేవాడు. మామిడికాయ తొడిమ దగ్గర వాసన చూసి ఆవకాయకి పనికొస్తుందో రాదో తేల్చేసేవాడు. మా మామగారు బతికున్నప్పుడు, అప్పడాల పిండి కలిపాక జగ్గుని పిలిచేవారు. ఇంగువ సరిపోయిందని అతను తలూపాకే ఉండలు చేయించేవారు. హోటల్లో నాకొక తోడు కావలసివచ్చినప్పుడు నేనే యజమానితో చెప్పి జగ్గుని పెట్టించాను. అది నా మంచితనం అనుకున్నాను అప్పట్లో.

ఇక్కడ హాప్స్ గురించి కొంచెం చెప్పాలి. విసుక్కోకండి, గొడవంతా దాని దగ్గరే ఉంది. బీరుకి చేదూ వాసనా దానివల్లే వస్తాయి. చలిదేశాల్లో ఒక తీగకి పూసే పచ్చటి పువ్వులవి. వాటిని ఎండబెట్టి, పొడికొట్టి, గుళికలుగా నొక్కి, వెండిరంగు సంచుల్లో పంపిస్తారు. మామిడిలో సువర్ణరేఖ వేరు, బంగినపల్లి వేరు అన్నట్టు వీటిలోనూ ఎన్నో రకాలు. హోటల్‌కి తనదంటూ ఒక బీరు ఉండాలని యజమానికి కోరిక పుట్టింది. ఏ రకం వేసి కాయాలని వెతగ్గా వెతగ్గా చివరికి రెండు మిగిలాయి. ఒకటి సాజ్. నెమ్మదైన రకం, ఎండుగడ్డి మీద కాస్త మిరియం చల్లినట్టు వాసన. నేను దాని పక్షం. రెండోది కాస్కేడ్. దబ్బకాయ తొక్క గిల్లితే వచ్చే వాసన. జగ్గు దాని పక్షం. సముద్రం ఒడ్డున కూర్చుని వేయించిన చేప తినేవాడికి దబ్బకాయ కావాలి గానీ ఎండుగడ్డి ఎందుకు, వాడేమన్నా ఆవా అని ఎగతాళి చేసేవాడు.

నేనూ నవ్వేదాన్ని. నవ్వేదాన్నే గానీ కడుపులో మండేది. మొదట్లో యజమాని కాగుల గదిలోకి వస్తే ముందు నన్ను అడిగేవాడు, ఎలా వచ్చింది అని. తరవాత జగ్గుని అడిగేవాడు. పోనుపోను జగ్గునే ముందు అడగడం మొదలుపెట్టాడు. చదువుకున్నది నేను. పని నేర్పింది నేను. పెట్టించింది నేను. మనసులో ఇలాంటివి ఒకసారి ఏకరువు పెట్టుకోవడం మొదలైతే ఇంక ఆగవు. ఎవరి రకంతో బీరు కాస్తే ఇకమీదట ఆ గదిలో మాట వాళ్లదే అవుతుంది. అది మా ఇద్దరికీ తెలుసు. పైకి అనుకోలేదు, అంతే.

వాసన చూసి తేల్చేద్దామని యజమాని ఒక రోజు పెట్టాడు. ఆ వేళ పొద్దున్న ఇంట్లో అప్పడాల పిండి కలిపింది నేను. మామూలుగా అది అత్త పని. ముందురోజు ఆమెకి మణికట్టు బెణికింది. నానబెట్టిన ఇంగువ నీళ్లు పాలలా తెల్లగా ఉంటాయి. అవి మినప్పిండిలో పోసి చేత్తోనే మర్దించాలి, గరిటెతో కుదరదు. కలిపాను, చేతులు కడుక్కున్నాను, పరుగున వెళ్లి గోపాల్‌పూర్ బస్సు పట్టుకున్నాను. ఇంగువ సంగతి మీకు తెలిసిందే. కడిగితే పోయినట్టే ఉంటుంది. గోళ్లకింద దాక్కుని, కాస్త వెచ్చదనం తగలగానే మళ్లీ లేస్తుంది.

హాప్స్ వాసన చూడ్డానికి ఒక పద్ధతుంది. గుళికల్ని అరచేతిలో వేసి బొటనవేలితో నలిపి పొడిచేయాలి. కప్పుల్లో వేసి, గోరువెచ్చటి నీళ్లు పోసి, సాసరు మూతపెట్టి కాసేపుంచాలి. ఎవరు నలపాలి అన్న ప్రశ్న వచ్చింది. రెండు రకాలూ జగ్గు చేస్తానంటే నేను ఒప్పుకునేదాన్నా? తెలియదు. ఆ అవసరం రాలేదు. అతనే తప్పుకున్నాడు.

"నువ్వే సెయ్యి వదినా," అన్నాడు. "నేను సేస్తే నా దానికి ఎక్కువేసేనంటారు. నీ సెయ్యంటే నాకు నమ్మకం."

అని ముందు గదిలోకెళ్లి యజమానితో కబుర్లలో పడ్డాడు. నేనొక్కదాన్నే ఉన్నాను. ముందు కాస్కేడ్ తీశాను. నలిపాను, కప్పుల్లో వేశాను, నీళ్లు పోశాను. అలవాటుకొద్దీ వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. దబ్బకాయ. దానిమీద ఇంగువ.

ఇక్కడిదాకా పొరపాటే. ఇక్కడితో ఆపేస్తే మీరు కూడా అయ్యో దానికేముంది అంటారు. అందుకే ఆపను.

నేను సింకు దగ్గరికి వెళ్లాను. సబ్బుతో తోమాను. ఉప్పుతో తోమాను. మళ్లీ సబ్బు పెట్టి గోళ్ల సందులన్నీ గీరి కడిగాను. వాసన చూసుకున్నాను. పోయింది. ఆ శుభ్రమైన చేత్తో వచ్చి నా సాజ్ నలిపాను.

కాస్కేడ్ కప్పులు పారబోసి మళ్లీ చేయడానికి ఎంతసేపు పడుతుంది? సంచి పక్కనే తెరిచి ఉంది. అందులో గుళికలు బోలెడున్నాయి. నీళ్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. మరి ఎందుకు చేయలేదు? తరవాత ఎన్నోసార్లు ఆ నిమిషంలోకి వెళ్లి చూశాను. జగ్గుని దెబ్బతీయాలని అనుకున్నానా అంటే, అంత స్పష్టంగా ఏమీ అనుకోలేదు. టైము లేదనుకున్నానా అంటే, అదీ లేదు. ఏమీ అనుకోకుండా ఉండటానికి మాత్రం చాలా కష్టపడ్డాను. సాసర్లు సరిగ్గా సర్దాను, బల్ల తుడిచాను, తుడిచిన బల్లనే మళ్లీ తుడిచాను. చేతులకి పని చెబితే బుద్ధి నోరు మూసుకుంటుందని ఆ వేళ నేర్చుకున్నాను.

అందరూ వచ్చారు. యజమాని, మేనేజరు, వడ్డించేవాళ్లిద్దరు, జగ్గు. యజమాని ఒడియా ఆయన, ఇక్కడి వ్యాపారస్తులందరిలాగే తెలుగు కూడా గడగడా మాట్లాడతాడు. కాస్కేడ్ కప్పు ఎత్తి మొహం చిట్లించాడు. ఏదో ఉల్లిపాయలా ఉందన్నాడు. మేనేజరు తలూపాడు. అప్పుడు నేను నోరు విప్పాను, ఎవరూ అడగకుండానే. కోత ఆలస్యమైతే కొన్ని రకాలకి ఇలా ఉల్లి, వెల్లుల్లి వాసన పడుతుందని చెప్పాను. పుస్తకాల్లో ఉన్న మాటే అది, నిఖార్సయిన నిజం. దాన్ని ఎంత బాగా వాడుకున్నానో చూడండి.

జగ్గు కప్పు తీసుకున్నాడు. కళ్లు మూసుకుని పీల్చాడు.

"ఇది ఉల్లీ కాదు, ఎల్లుల్లీ కాదు. ఇంగువ," అన్నాడు.

యజమాని పగలబడి నవ్వాడు. "హెంగు? అప్పడాల దుకాణం ఇంటిదగ్గర వదిలేసి రావాలి భాయి!"

జగ్గు నవ్వలేదు. నావైపు తిరిగి కప్పు నా ముక్కుముందు పెట్టాడు. "నువ్వు సూడు వదినా. నీకు తెలుస్తది. ఇంగువేనా, కాదా?"

ఆ కప్పులోంచి మా ఇంటి వాసన వచ్చింది. మా అత్త చెయ్యి, మా పిండి పళ్లెం, మా మేడ, అన్నీ వచ్చాయి. అందరూ నా మొహంలోకి చూస్తున్నారు. జగ్గు కూడా చూస్తున్నాడు, నేను అవునంటానన్న ధీమాతో.

"ఏటోయ్ జగ్గూ," అన్నాను. "గులాబీ పువ్విచ్చినా నీకు ఇంగువ వాసనే వొస్తది. ఇంగువలో పుట్టినోడివి మరి!"

గది గదంతా నవ్వింది. వడ్డించేవాళ్లయితే బల్ల పట్టుకుని నవ్వారు. జగ్గు మళ్లీ ఒకసారి వాసన చూశాడు. ఈసారి కళ్లు మూసుకోలేదు. మా అందరినీ చూస్తూ చూశాడు.

"అలాగేనేమో వదినా," అని కప్పు కింద పెట్టి తనూ నవ్వాడు.

సాజ్ గెలిచింది. ఆ బీరు ఇప్పటికీ హోటల్లో పోస్తున్నారు. బాగుంటుంది. నా గొప్ప చెప్పుకోవడం కాదు, నిజంగా బాగుంటుంది. కలకత్తా నుంచి వచ్చినవాళ్లు కూడా రెండో గ్లాసు అడుగుతారు. జగ్గు ఇంకొన్ని నెలలు పనిచేసి, దుకాణం చూసుకుంటానని వెళ్లిపోయాడు. వెళ్లి చెడిపోలేదు. అప్పడాలతోపాటు పచ్చళ్లూ పెట్టాడు, దుకాణం పెంచాడు, సుజాత అనే చక్కని పిల్లని పెళ్లి చేసుకున్నాడు. వాళ్లకో కూతురు. చూస్తే ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. ఈ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. ఇంకో మాట కూడా చెప్పుకునేదాన్ని. కప్పు శుభ్రంగా ఉన్నా యజమాని సాజ్‌నే ఎంచుకునేవాడేమో. అవును, ఎంచుకునేవాడేమో. ఆ "ఏమో" తెలుసుకునే దారి నేనే మూసేశాను కదా, మరి దాన్ని సాక్ష్యానికి పిలవడానికి నాకేం హక్కుంది?

నష్టం ఎక్కడుందో చాలాకాలం నేను చూడలేదు. చూడకూడదనుకున్నాను. ఇంగువలో పుట్టినోడు అన్నది ఇంట్లో పేరైపోయింది. పండగలకి, పేరంటాలకి, కొత్తగా ఎవరు వచ్చినా అత్త ఆ కథ చెప్పేది. చెప్పడంలో ఆమె దిట్ట. యజమాని గొంతు, నా గొంతు, జగ్గు గొంతు అన్నీ దించేసేది. ఒక్క జగ్గు పెళ్లిలో మాత్రం లేచిపోలేదు, నేను కూడా చెప్పాను. ఆడపెళ్లివారు విరగబడి నవ్వారు. అందరికంటే గట్టిగా జగ్గే నవ్వాడు. కానీ దుకాణంలో పిండి కలిపాక ఇప్పుడు అతను తలూపడు. సుజాతని పిలుస్తాడు. ఇంగువ సరిపోయిందేటి, సూడు అంటాడు. వీధంతా చాటుకున్న మనిషి. భార్య పనిలో ఉంటే పక్క దుకాణం ఆయన్ని పిలుస్తాడు. పెద్దవాడయ్యాడు, మారాడు అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండేది.

ఈ మధ్య హోటల్లో రెండో బీరు పెడదామన్నారు. నేను కాస్కేడ్ తెప్పించాను. ఎవరూ చెప్పలేదు, నేనే తెప్పించాను. ప్రాయశ్చిత్తం అనే పెద్ద పేరు దానికి పెట్టను. ఒక ఆదివారం జగ్గు కుటుంబంతో బీచికి వస్తే కాగుల గదిలోకి పిలిచాను. కడిగిన చేత్తో నలిపి, నీళ్లు పోసి, కప్పు అతని చేతికిచ్చాను. సంతోషంగా తీసుకున్నాడు. పీల్చాడు. ఏ వాసన అని అడిగాను. అతను కప్పులోకి చూశాడు, సుజాత వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"ముందు నువ్వు సెప్పు వదినా," అన్నాడు.

దబ్బకాయ అన్నాను. "ఆ, దబ్బకాయే, దబ్బకాయే," అన్నాడు వెంటనే, గండం గడిచినట్టు. నేను చింతపండు అనుంటే చింతపండుకీ అవుననేవాడు. ఆ సంగతి అతని మొహంలో అంత తేటగా కనిపించాక ఇంక చూడనట్టు ఉండటం నా వల్ల కాలేదు. కానీ అప్పుడు కూడా చెప్పలేదు. కూతురు ఇసకలో ఆడుకుందామని లాగుతుంటే వాళ్లు వెళ్లిపోయారు. నేను కప్పు కడిగి బోర్లించాను.

తరవాత వారమే ఇచ్ఛాపురం నుంచి అత్త తరఫు చుట్టాలు భోజనానికి వచ్చారు. అందరూ కూర్చున్నాక అత్త వేడి వేడి అప్పడాలు వడ్డిస్తూ ఆ కథ ఎత్తుకుంది. ఎప్పటిలాగే నాకు వంటింట్లో పని గుర్తొచ్చింది. లేవబోయాను. జగ్గు అప్పటికే నవ్వడానికి తయారుగా ఉన్నాడు. కథ ఇంకా అక్కడిదాకా రాలేదు, అయినా మొహం సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. అది చూసి మళ్లీ కూర్చుండిపోయాను.

"అత్తా, ఆగు," అన్నాను. "ఆ కప్పులో ఇంగువ నిజంగానే ఉంది. ఆ వేళ పిండి కలిపింది నేను కదా. ఆ సేత్తోనే జగ్గు హాప్స్ నలిపేను. నావి మాత్రం సెయ్యి కడుక్కుని నలిపేను. జగ్గు సెప్పిందే నిజం."

చుట్టాలకి పాపం నవ్వాలో మానాలో తెలియలేదు. అత్త ముందుగా తేరుకుంది. "పోనీలేవే," అంది. "కావాలని సేసేవేటి? తొందరలో సూసుకోలేదు. అంతే కదా?"

మంచి మనిషి. నేను తప్పించుకోవడానికి తలుపు తీసి పట్టుకుంది.

జగ్గు తల ఎత్తలేదు. విస్తట్లో అప్పడం ముక్కలు చేస్తూ అడిగాడు. "కప్పు నీ ముక్కుముందు పెట్టేను సూడు. అప్పుడు నీకు తెలుసా?"

తెలీదు అంటే చాలు. తరవాతెప్పుడో తట్టింది అంటే చాలు. అత్త అన్నమాటే మళ్లీ అంటే, సాయంత్రానికి ఇది కూడా ఒక తమాషా కథ అయిపోతుంది, వదిన చేతికి ఇంగువ అంటిన కథ. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత తియ్యగా వచ్చిందో మీకు చెప్పలేను.

"తెలుసు," అన్నాను. "అంతకుముందే తెలుసు."

జగ్గు అన్నం సగంలో లేచి చేయి కడుక్కుని కింద దుకాణంలోకి దిగిపోయాడు. కాలు తొక్కినవాడికి కూడా పర్లేదు పర్లేదు అనే మనిషి. నాకు ఆ మాట చెప్పలేదు. ఇవాళ్టికీ చెప్పలేదు. ఎదురుపడితే బస్సు దొరికిందా అంటాడు, దొరికింది అంటాను. అంతకుమించి అడిగే మొహం నాకు లేదు, ఇచ్చే బాధ్యత అతనికీ లేదు. సుజాత నన్ను చూసే చూపు మారింది. మారాల్సిందే.

ఆ మధ్యాహ్నం అతను మెట్లు దిగిన చప్పుడు విన్నాక, అందరి ఎదుటా ఏడ్చేస్తానేమోనని భయపడ్డాను. ఏడుపు రాలేదు. ఆకలేసింది. సిగ్గు లేకుండా, చిన్నప్పుడు జ్వరం తగ్గిన మర్నాడు వేసినంత ఆకలేసింది. చుట్టాలు చూస్తుండగా విస్తరి దగ్గరికి జరిగి, చారు పోసుకుని, కడుపునిండా తిన్నాను.